ఎవరిలో ఎంతమంది?

ఈపూట మా బత్తలపల్లి నుంచి ఒక లెక్కల కబురు. కూడిక, భాగహారం వస్తే చాలు.

2011 జనాభా లెక్కలప్పుడు మా మండలం అనంతపురం జిల్లాలోనే ఉండేది. శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది 2022లో. ఆ లెక్కల ప్రకారం అప్పటి అనంతపురం జిల్లాలో ఏడేళ్లు నిండిన మగవాళ్లలో నూటికి సుమారు 73 మందికి, ఆడవాళ్లలో 54 మందికి చదువు వచ్చు. అన్ని వయసులవాళ్లనూ కలిపి చూస్తే వెయ్యిమంది మగవాళ్లకు ఆడవాళ్లు 977 మంది; మన లెక్కకు ఇంచుమించుగా ఈ నిష్పత్తినే వాడదాం.

ఇప్పుడు చెప్పండి. చదువు వచ్చిన మనిషి ఒకరు మీకు ఎదురైతే, ఆ మనిషి ఆడమనిషి అయ్యే అవకాశం ఎంత? నూటికి 54 అంటారేమో, కాదప్పా! వేసి చూద్దాం. వెయ్యిమంది మగవాళ్లలో చదువు వచ్చినవాళ్లు 730. 977 మంది ఆడవాళ్లలో సుమారు 528. కలిపితే 1258. 528ని 1258తో భాగించండి: నూటికి 42. 54 వచ్చిన చోటా, 42 వచ్చిన చోటా పైనున్నది ఆ 528 మందే. కిందనున్న అంకె ఒకచోట 977, ఇంకోచోట 1258. పుస్తకాల్లో షరతు సంభావ్యత అనేది ఇదే.

ఇలా భాగిస్తే వచ్చేది సాపేక్ష పౌనఃపున్యం. దాన్ని సంభావ్యతగా నమ్మాలంటే చాలామందిని, అదీ ఏరుకోకుండా అడిగి ఉండాలి. మా ఊళ్లో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వారి పెద్దాసుపత్రి ఉంది. దాని గేటు దగ్గర నిలబడి "ఈ నెల జ్వరమొచ్చిందా?" అని అడిగి, బత్తలపల్లిలో ఇంతమందికి జ్వరాలని రాస్తే ఘోరమైన తప్పు. అక్కడ తెలిసేది ఆసుపత్రికి వచ్చినవాళ్ల సంగతే. ఊరి సంగతి కావాలంటే వీధివీధీ తిరగాలి, పగలు కూలికెళ్లినవాళ్ల కోసం సాయంత్రం మళ్లీ వెళ్లాలి.

ఎవరిలో ఎంతమంది అన్నదాని మీద నాకెందుకింత పట్టింపంటే, చదువు వచ్చినవాళ్లలో నూటికి 42 మంది ఆడవాళ్లే అంటే సగానికి దగ్గరే కదా, పర్వాలేదు అనిపిస్తుంది. ఆడవాళ్లలో ఎంతమందికి చదువొచ్చని అడిగితేనే, నూటికి 46 మందికి అక్షరం రాదన్న బాధ బయటపడుతుంది. రాత్రిబడి ఎవరికి కావాలో చెప్పేది ఈ ప్రశ్నే.

తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. లెక్క రాసేవాళ్లు ఇంటికొచ్చినప్పుడు చదువు రాని అమ్మమ్మ సంగతి దాచకండి, ఉన్నదున్నట్టే రాయించండి.