హొగెనకల్: నీరు పెరిగితే జలపాతం మాయం

బెంగుళూరు, హోసూరు, ధర్మపురి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో హొగెనకల్ చూడనివారు అరుదు. కన్నడంలో 'హొగె' అంటే పొగ, 'కల్' అంటే రాయి. మన పాలు వారికి హాలు అయినట్లే, మన పొగ వారికి హొగె అయింది. బండల మీద పడిన కావేరి నీరు తుంపరలై పొగలా లేస్తుంది కనుక ఆ పేరు. ధర్మపురి నుండి 46 కి.మీ. దూరం. ఈ గట్టు తమిళనాడు, ఆ గట్టు కర్ణాటక.

ఉద్యోగరీత్యా ధర్మపురిలో ఉన్న రోజుల్లో ఈ చోటును రెండు రూపాలలో చూశాను. ఫిబ్రవరిలో నది బండల మధ్య పాయలుగా చీలి, ఒక్కో సందులోంచి ఒక్కో ధారగా దూకుతుంది. తమిళులు పరిసల్ అనే పుట్టిలో కూర్చుంటే, రాతి గోడల నడుమ నుండి ధారల దగ్గరకు తీసుకువెళతారు. గట్టున నూనె మర్దనాలు, చేపల వేపుళ్లు. అంతా తిరునాళ్ల సందడి.

ఆగస్టులో వెళితే ఆ బండలూ లేవు, ధారలూ లేవు! ఎర్రటి నీరు ఒకే వెడల్పున పరుగెడుతోంది. నీరు ఎక్కువైతే జలపాతం పెద్దదవ్వాలి కదా అనుకుంటాం. కాని దిగువన నది ఇరుకు లోయలో పడుతుంది. వరద అక్కడ ఇమడలేక పైకి లేస్తుంది. కింది మట్టం పై మట్టాన్ని అందుకునే కొద్దీ దూకడానికి ఎత్తే మిగలదు. మునిగిన బండ మీద నీరు మూపురంలా ఉబ్బి, దాని వెనుక సుడి తిరుగుతూ వెనక్కు మళ్లుతుంది.

"అయ్యా, కనబడే రాయిని తప్పుకోవచ్చు. కనబడని రాయితోనే భయం" అన్నాడు పుట్టిని గట్టున బోర్లించి కూర్చున్న ఒక పెద్దాయన. వరద తగ్గేదాకా ఆయనకు సంపాదన లేదు.

ఇక్కడ చినుకు పడనవసరం లేదు. కొడగులో, వయనాడులో వానలు కురిసి, కృష్ణరాజసాగర్, కబిని జలాశయాలు నిండి గేట్లు ఎత్తితే చాలు, నిర్మలమైన ఎండలోనే వరద వస్తుంది. ఎగువన బిలిగుండ్లు వద్ద కేంద్ర జలసంఘం వారు ప్రవాహాన్ని కొలుస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. 2018, 2022 ఆగస్టు నెలల్లో ప్రవాహం లక్ష క్యూసెక్కులు దాటింది. లక్ష క్యూసెక్కులంటే రోజుకు 8.64 టి.ఎం.సి.లు. మా బ్యాంకు లెక్కలో చెప్పాలంటే, దిగువన 93.47 టి.ఎం.సి.ల మెట్టూరు జలాశయం ఖాళీగా ఉన్నా 11 రోజుల్లో నిండిపోతుంది.

కనుక పిల్లలతో వెళ్లేవారు ఆకాశాన్ని చూసి బయలుదేరవద్దు. పేపర్లో క్యూసెక్కుల అంకె చూసుకోండి. వరద రోజుల్లో స్నానాలు, పుట్టి ప్రయాణాలు నిలిపివేస్తారు. అప్పుడు "ఇంత దూరం వచ్చాం" అని ఎవరినీ బతిమాలకండి. అనుమతించిన చోటు నుండే చూడండి. పుట్టి ఎక్కాలంటే నీరు తగ్గాక మళ్లీ రండి. ఆ పెద్దాయనకూ నాలుగు డబ్బులు వస్తాయి.