బోర్లా పడిన ఓడ, వణికే చేయి



ఈ శీర్షికలో మనం సాధారణంగా మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పుల వంటి విషయాలు చర్చించుకుంటాము. ఈసారి ఓడల గురించి రాస్తున్నాను. యుద్ధకాలంలో సముద్రగర్భం చేరి, తరువాత మనుషుల చేతుల మీదుగా మళ్లీ పైకి వచ్చిన నౌకలకు చిన్న నమూనాలు తయారుచేయడం కొన్నేళ్లుగా నా వ్యాపకం. "ఇందులో వైద్యం ఏమున్నది డాక్టరు గారూ?" అని మీరు అడగవచ్చు. ఉన్నది. ఓపికగా చదవండి.

స్కాపా ఫ్లో కథ

స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్నీ దీవులున్నాయి. వాటి నడుమ స్కాపా ఫ్లో అనే విశాలమైన సహజ నౌకాశ్రయం ఉంది. మొదటి ప్రపంచయుద్ధం ఆగిన తరువాత జర్మనీ నౌకాదళానికి చెందిన 74 నౌకలను బ్రిటిషువారు అక్కడ నిర్బంధించి ఉంచారు. వాటి భవిష్యత్తు సంధి చర్చలలో నానుతుండగా, అవి శత్రువుల పరం కారాదని తలచిన జర్మన్ అడ్మిరల్ లుడ్విగ్ ఫాన్ రాయిటర్, 1919 జూన్ 21న వాటిని ముంచివేయమని సంకేతం ఇచ్చాడు. నావికులు అడుగు కవాటాలు తెరిచారు. ఆ ఒక్కరోజునే 52 నౌకలు మునిగిపోయాయి.

అయిదేళ్ల తరువాత ఎర్నెస్ట్ కాక్స్ అనే పాత ఇనుము వ్యాపారి రంగంలోకి దిగాడు. అంతకుముందు అతడు ఒక్క ఓడను కూడా పైకి తీసినవాడు కాదు. 1924లో చిన్న డెస్ట్రాయర్లతో మొదలుపెట్టి, క్రమంగా మహానౌకల మీదికి వెళ్లాడు. అలా అతడు తీసిన పెద్ద నౌకలలో మొదటిది 'మోల్ట్కే'. జట్లాండ్ యుద్ధంలో పాల్గొన్న ఈ యుద్ధనౌక పొడవు సుమారు 186 మీటర్లు, బరువు ఇరవై వేల టన్నులకు పైమాటే. అది నీటి అడుగున తలక్రిందులై ఉంది. పై కట్టడాలు బురదలో కూరుకుపోగా, నౌక అడుగుభాగం ఆకాశం వైపు తిరిగి ఉంది.

దానిని ఎత్తిన విధానం ఆశ్చర్యకరమైనది. గొలుసులు కట్టి లాగలేదు. రంధ్రాలన్నీ మూసి, లోపలికి గాలి పంపి, ఆ గాలి బలంతోనే నౌకను తేల్చారు. మొదట ముందుభాగం మాత్రమే లేచి, ఓడ ఒక ప్రక్కకు ఒరిగిపోయింది. లోపలి గాలి ఒక అరలో నుంచి మరొక అరలోకి స్వేచ్ఛగా పారడమే అందుకు కారణం. అప్పుడు మనుషులు నౌక గర్భంలోకి దిగి, అర తరువాత అరను విడివిడిగా మూసివేశారు. ఏ అరలో ఎంత గాలి ఉండాలో అదుపు చేయగలిగిన తరువాతనే, 1927 జూన్‌లో, మోల్ట్కే సమతూకంగా పైకి వచ్చింది. మరుసటి ఏడాది ఆ నౌకను బోర్లా పడిన స్థితిలోనే రోసైత్ రేవు వరకు లాగుకొని పోయి ముక్కలు చేశారు.

పొణికి చెక్కతో యుద్ధనౌక

ఓడ నమూనాలు చేసేవారు మామూలుగా ఫిరంగులు, స్తంభాలు, జెండాలతో నిలబడిన ఓడను చేస్తారు. నేను చేస్తున్నది బోర్లా పడి, వీపు మీద గొట్టాలు మోస్తూ నీటిపైకి వచ్చిన మోల్ట్కేను. చూడవచ్చినవారిలో చాలామంది దానిని తిమింగలం అనుకుంటారు.

నా కొలమానం 350కి 1. అంటే అసలు ఓడలోని 350 మిల్లీమీటర్లు నా బల్ల మీద ఒక మిల్లీమీటరు అవుతుంది. ఓడ పొడవు 53 సెంటీమీటర్లు, వెడల్పు ఎనిమిదిన్నర సెంటీమీటర్లకు లోపు. మనిషి పొడుగు అయిదు మిల్లీమీటర్లు మాత్రమే, ఇంచుమించు సన్నబియ్యపు గింజంత. అంత పెద్ద ఓడ ప్రక్కన ఆ గింజను నిలబెట్టి చూస్తే, ఆ పనివారు ఎంతటి దానితో తలపడ్డారో పుస్తకం చదివినప్పటికంటె బాగా అర్థమవుతుంది.

ఓడ దేహానికి కొండపల్లి బొమ్మలు చేసే పొణికి చెక్కనే వాడుతున్నాను. తేలికైనది, మెత్తనైనది, కత్తికి ఎదురు చెప్పనిది. పలకలను ఒకదానిమీద ఒకటి అతికించి, అడ్డుకోత పటాలతో సరిచూసుకుంటూ చెక్కుతాను. అతుకుల మధ్య సందులను పూడ్చడానికి కూడా కొండపల్లి కళాకారుల పద్ధతే. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కు. ఆరిన తరువాత ఉప్పు కాగితంతో రుద్దితే చెక్కలో చెక్కగా కలిసిపోతుంది.

ఓడ వీపు మీది గొట్టాలే ఈ నమూనాకు ప్రాణం. వాటిని గాలిగదులు అందాము. పాత బాయిలర్లను నిలువునా నిలబెట్టి ఓడకు బిగించి, పనివారు వాటి గుండా లోపలికి దిగేవారు. వాటి వ్యాసం సుమారు ఆరడుగులు, అంటే నా కొలతలో అయిదు మిల్లీమీటర్లు. శీతలపానీయం త్రాగే గొట్టం ముక్క సరిగ్గా సరిపోయింది.

గాలిగది నేర్పే వైద్యపాఠం

ఇక్కడ వైద్యుడిగా నా ఆసక్తి మొదలవుతుంది. నీటిలో పది మీటర్లు దిగిన కొద్దీ మన మీద ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. నీరు లోపలికి రాకుండా ఉండాలంటే ఓడలోని గాలి పీడనాన్ని కూడా అంతకు తగ్గట్టు పెంచాలి. ఆ గాలి పీల్చి పనిచేసేవారి రక్తంలో, కొవ్వులో నత్రజని మామూలుకంటె ఎక్కువగా కరుగుతుంది. పీడనంలో ఉన్నంతసేపు బాధ తెలియదు. పీడనం ఒక్కసారిగా తగ్గితే మాత్రం ప్రమాదం. సోడా సీసా మూత తీసినప్పుడు బుడగలు పొంగినట్లు, కరిగిన నత్రజని బుడగలై కీళ్లలో, వెన్నుపాములో, ఊపిరితిత్తులలో చేరుతుంది. కీళ్లలో చేరితే భరించరాని నొప్పి. వెన్నుపాములో చేరితే పక్షవాతం, ఒక్కొక్కసారి మరణం.

దీనికి ఉపాయం చెప్పినవాడు జె. ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త. మేకలను పీడనపు గదులలో ఉంచి పరిశోధించి, 1908లో బాయ్కాట్, డామంట్ అనే సహచరులతో కలిసి ఫలితాలు ప్రకటించాడు. లోతు నుంచి ఏకబిగిని పైకి రాకూడదు. కొంత దూరం వచ్చి ఆగాలి, మరికొంత వచ్చి మళ్లీ ఆగాలి. ప్రతి అంచెలోను నత్రజని ఊపిరి ద్వారా నెమ్మదిగా బయటికి పోవడానికి వ్యవధి ఇవ్వాలి. నేటికీ గజ ఈతగాళ్లు పాటించే పట్టికలకు ఇదే పునాది.

ఆ ముగ్గురిలో డామంట్ నౌకాదళ అధికారి. 1917 జనవరిలో 'లారెంటిక్' అనే బ్రిటిష్ నౌక 3,211 బంగారు కడ్డీలతో ఐర్లండు తీరాన మందుపాతరలు తగిలి మునిగిపోయింది. 354 మంది మరణించారు. ఆ బంగారాన్ని వెలికితీసే బాధ్యత డామంట్‌కు అప్పగించారు. 1924 నాటికి అతని బృందం 3,186 కడ్డీలు పైకి తెచ్చింది. అన్ని సంవత్సరాల పనిలో ఒక్క ఈతగాడి ప్రాణం కూడా పోలేదు. నా దృష్టిలో ఆ బంగారం కంటె ఈ చివరి వాక్యం విలువైనది.

మునిగిన ఉక్కు, మన శరీరం

1945లో మొదలైన అణుపరీక్షల వలన రేడియోధార్మిక ధూళి భూమి చుట్టూ గాలిలో కలిసింది. ఉక్కు తయారీలో గాలిని విరివిగా వాడతారు కనుక, ఆ తరువాత పోతపోసిన ఉక్కులో దాని ఆనవాళ్లు చేరాయి. ఎంత స్వల్పమంటే మన వంటపాత్రలకు దానివలన ఏ హానీ లేదు. కాని మనిషి శరీరంలోని అతి స్వల్ప రేడియోధార్మికతను కొలిచే యంత్రానికి కవచంగా అది పనికిరాదు. కొలిచే గదే కిరణాలు వెదజల్లితే కొలత ఎలా నిలుస్తుంది? అందుకు అణుయుగానికి ముందు పోతపోసిన ఉక్కు కావలసివచ్చింది. స్కాపా ఫ్లోలో మిగిలిన నౌకల నుంచి తీసిన ఉక్కును అటువంటి పరికరాలకు వాడారు. మన అందరి శరీరాలలోను పొటాషియం ఉంటుంది. దానిలో సహజంగానే కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుంది. దానిని సైతం లెక్కించగల గదులవి. ప్రాణాలు తీయడానికి పోసిన ఉక్కు చివరకు ప్రాణాలను కాపాడే శాస్త్రానికి అక్కరకు వచ్చింది. 1963 ఒప్పందం తరువాత వాతావరణంలో పరీక్షలు తగ్గిపోవడంతో ఈనాడు ఆ ఉక్కు అవసరం చాలావరకు తగ్గింది.

నా చేయి చెప్పిన సంగతి

ఇక నా సంగతి. గాలిగదుల ప్రక్కన నిచ్చెనలు అమర్చాలి. వెంట్రుక వంటి తీగను పట్టుకారుతో పట్టి, మెట్టు మెట్టుగా అతకాలి. రెండేళ్ల క్రితం ఆ పని చేస్తుండగా పట్టుకారు కొన నిలవడం లేదని గమనించాను. కాఫీ త్రాగేటప్పుడు గాని, సంతకం చేసేటప్పుడు గాని అప్పటికి ఏ తేడా తెలియలేదు. భూతద్దం క్రింద మాత్రం స్పష్టంగా కనిపించింది.

మిత్రులారా, వైద్యుడికి వచ్చే భయం సామాన్యుల భయంకంటె పెద్దది. ఎందుకంటే అతనికి రోగాల పేర్లు తెలుసు. పార్కిన్సన్స్ వ్యాధి చివరి దశలో ఉన్నవారిని నేను ఏళ్ల తరబడి చూశాను. కొన్ని రాత్రులు నిద్ర పట్టలేదు. వారం తిరగకుండా మా అమ్మాయి వయసున్న ఒక న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లాను.

ఆమె నా నడక చూసింది. చేతులు ముందుకు చాపమన్నది. కాగితం మీద శంఖుచుట్టు గీయమన్నది. ఒక గ్లాసులోని నీళ్లు మరొక గ్లాసులోకి పోయించింది.

"ఇది మొదట ఎక్కడ తెలిసింది సార్ మీకు?" అని అడిగింది.

"ఓడ నిచ్చెన దగ్గరమ్మా," అన్నాను.

ఆమె నవ్వి, "ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?" అన్నది. మా నాన్నగారి చేతిలో మంచినీళ్ల గ్లాసు వణకడం గుర్తుకు వచ్చింది. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించి, ఇది 'ఎసెన్షియల్ ట్రెమర్' అని తేల్చింది. ఉబ్బసం ఉన్నందున దీనికి సాధారణంగా ఇచ్చే ప్రొప్రనలాల్ నాకు పనికిరాదు. "ఇప్పటికి మందు అక్కరలేదు సార్. ఆరు నెలలకొకసారి చూపించుకోండి. ఓడలు మాత్రం మానకండి," అన్నది.

పాఠకులు ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఎసెన్షియల్ ట్రెమర్ పని చేసేటప్పుడు కనిపిస్తుంది. గ్లాసు పట్టుకున్నా, రాసినా చేయి వణుకుతుంది. తరచుగా రెండు చేతులలోను ఉంటుంది, చాలామందికి వంశంలో వస్తుంది. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా చేయి విశ్రాంతిగా ఉన్నప్పుడు, ఒక ప్రక్కన మొదలవుతుంది. దానితోపాటు కదలికలు మందగించడం, కండరాలు బిగుసుకోవడం, చేతివ్రాత చిన్నదవడం, నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం కనిపించవచ్చు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తంలో చక్కెర పడిపోయినా, ఆయాసానికి వాడే కొన్ని మందుల వలన కూడా చేతులు వణకవచ్చు. కనుక "వయసు మీద పడింది, అంతే" అని సరిపెట్టుకోకండి. అలాగని ఇంటిలోనే రోగనిర్ణయం చేసుకొని కుమిలిపోకండి. చూపించుకోండి.

ఓడ పని నేను మానలేదు. విధానం మార్చుకున్నాను. ఉదయం, నిద్ర తీరిన వేళ మాత్రమే సన్నపని చేస్తాను. ఆ రోజులలో కాఫీ తగ్గిస్తాను. మోచేతులు, మణికట్లు బల్లకు ఆనించి కూర్చుంటాను. ఇరవై నిమిషాలు పని, పది నిమిషాలు విరామం. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటిగా అతకడం మానేసి, టీ వడపోత జాలీ నుంచి సన్నని పట్టీలు కత్తిరించి నిలబెడుతున్నాను. నిచ్చెన కంటె నిచ్చెనలాగా ఉన్నాయి.

ఈ పని మొదలుపెట్టేవారికి

ఓడలే చేయమని నేను అనను. బొమ్మ, అల్లిక, తోట, వీణ, ఏదైనా కావచ్చు. వ్యాపకం ఉంటే మతిమరుపు రాదని కూడా హామీ ఇవ్వను. అటువంటి మాటలు చెప్పేవారిని నమ్మవద్దు. చేతులకు, కళ్లకు ప్రతిరోజూ కొంత నిశితమైన పని ఉంటే, వాటిలో వచ్చే మార్పు మీకు ముందుగా తెలుస్తుంది. నాకు తెలిసినంతవరకు అది నిజం.

చెక్కపని చేసేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. రంపపు పొట్టు ఊపిరిలోకి పోకుండా మాస్కు కట్టుకోండి, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారు. క్షణాలలో అతికే జిగురు, రంగులు కలిపే థిన్నరు వాడేటప్పుడు కిటికీలు తెరచి ఉంచండి. మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు పదునైన బ్లేడుతో ఒంటరిగా పనిచేయవద్దు. ధనుర్వాతం టీకా పదేళ్లలోపు వేయించుకున్నారో లేదో చూసుకోండి. కళ్లజోడు పవరు ఏటా పరీక్ష చేయించుకోండి.

మోల్ట్కే పూర్తికావడానికి ఇంకా మూడు గాలిగదులు మిగిలి ఉన్నాయి. దాని తరువాత లారెంటిక్ చేయాలని కోరిక. గుండె జబ్బు నుంచో, పక్షవాతం నుంచో, ఆప్తుల మరణం నుంచో కోలుకుంటున్నవారు "ఇంకా ఎన్నాళ్లు?" అని నన్ను తరచుగా అడుగుతుంటారు. వారికి నేను డామంట్ ఈతగాళ్ల సంగతి చెబుతాను. లోతుకు వెళ్లివచ్చినవారు దారిలో ఆగడం ఓటమి కాదు. ప్రాణాలతో పైకి రావడానికి ఆ ఆగడమే మార్గం.

వచ్చే వ్యాసంలో వృద్ధులలో తూలిపడటం గురించి తెలుసుకుందాము. అందరికీ ఆరోగ్యమస్తు.