బాంబుల సోమవారం

రెండవ ప్రపంచ యుద్ధ చరిత్రలో విశాఖపట్నానికి సాధారణంగా దక్కే చోటు ఒకటి రెండు వాక్యాలే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక 'ర్యూజో' నుంచి లేచిన విమానాలు విశాఖ రేవుపై బాంబులు కురిపించాయి. అదే రోజున కాకినాడపైనా దాడి జరిగింది. ఆ రోజుల్లోనే జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలను ముంచివేసింది.

అప్పటికి విశాఖ రేవు ప్రారంభమై పదేళ్లయినా నిండలేదు. సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేసింది 1941 జూన్‌లో. పరిశ్రమల నగరంగా అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్న ఊరు అది.

మా అమ్మమ్మకు ఈ వివరాలేవీ తెలియవు. పొయ్యి మీది అన్నమైనా దించకుండా ఇల్లు విడిచామని ఆమె చెప్పేది. నిండు చూలాలైన తనను గడ్డి పరచిన ఎడ్లబండిలో కూర్చోబెట్టి, చోడవరం దారిలోని బంధువుల పల్లెకు తరలించారట. రేవులో పని మానితే కూలి రాదని తాతయ్య సగం దారిలోనే వెనుదిరిగాడు. ఆయన క్షేమమో కాదో తెలియని ఆ దినాలలో మా అమ్మ పుట్టింది. "బాంబుల సోమవారం పోయి గురువారం, పొద్దు పొడిచే వేళ" అన్నదే అమ్మమ్మకు తెలిసిన పుట్టినతేదీ. పదిహేను రోజులకు గాని తాతయ్య వచ్చి బిడ్డను చూడలేదు.

బడిలో చేర్చినప్పుడు అమ్మ పుట్టినతేదీని జూలై 1గా వ్రాసుకున్నారు. ఆ తరంలో ఎందరికో అటువంటి తేదీలే.

ఆనాడు పేలకుండా మిగిలిన జపాన్ బాంబు ఒకటి సాగరతీరంలోని విశాఖ మ్యూజియంలో ఉంది. అమ్మను వెంటబెట్టుకుని దానిని చూడబోయాను. ఇంటికి వచ్చి పాత పంచాంగం తిరగవేశాను. ఏప్రిల్ 6 సోమవారమే! అంటే అమ్మ పుట్టినది 1942 ఏప్రిల్ 9న. అరవై ఏళ్లు దాటిన తరువాత ఆమెకు తన పుట్టినరోజు తెలిసింది. "మా అమ్మ సరిగ్గానే చెప్పిందన్నమాట" అని మాత్రం అని, చాలాసేపు మౌనంగా కూర్చుంది.

దాడి తేదీని గ్రంథాలు భద్రపరిచాయి. ఎడ్లబండిని, పొయ్యి మీది అన్నాన్ని, కూలి కోసం వెనుదిరిగిన మనిషిని భద్రపరిచినది ఒక నిరక్షరాస్యురాలి జ్ఞాపకం. ఆ రోజును ఎరిగినవారు నేడు బహు కొద్దిమంది. గాలివాన వచ్చిన ఏడనీ, బాంబులు పడిన వారమనీ మన ఇళ్లలో పెద్దలు చెప్పే లెక్కలను వారుండగానే వ్రాసిపెట్టుకోవడం మంచిది.