అడుగక మునుపు

మన సంఘములలో ఏ మంచి పని తలపెట్టినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: డబ్బు ఎవరిస్తారు? బడికి గోడ కావాలన్నా, ఊరికి బావి కావాలన్నా, ఇప్పుడు చెట్లు నాటాలన్నా అదే ప్రశ్న. ప్రకృతిని కాపాడే పనికి గ్రాంటు కోరుతూ పేరాలలో మేము కొందరము కలిసి దరఖాస్తు వ్రాసిన అనుభవమును ఇక్కడ చెప్పుచున్నాము. ఇటువంటి పని తలపెట్టిన కుటుంబములకు ఉపయోగపడునని మా ఆశ.

మేము ఎంచుకొన్నది మడ అడవి. పేరాల, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4 నుండి ఒకే జిల్లాలో ఉన్నవి. మా బంధువులు చాలామంది రేపల్లె అవతల, నిజాంపట్నము వైపు సముద్రపు పాయల ప్రక్కన ఉంటారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మన ప్రాంతములో ఎవరూ మరువలేదు. పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. మడ అడవి ఉప్పెనను పూర్తిగా ఆపలేదు గాని, అలల జోరును తగ్గిస్తుంది, ఒడ్డు మట్టిని పట్టి ఉంచుతుంది. రొయ్య పిల్లలూ పీతలూ దాని వేళ్ళ మధ్యనే పెరుగుతాయి. పాయ ప్రక్కన కాపురముండే మా వాళ్ళకు అది కంచె కూడా, కూడు కూడా.

మేము తెచ్చుకొన్న దరఖాస్తులో మొదటి ప్రశ్న, "అక్కడ అడవి ఎందుకు క్షీణించినది?" అని. మాలో ఒక పెద్దాయన, "కట్టెల కోసం నరికారని రాయండి, సరిపోతుంది" అన్నారు. పీతలు పట్టుకొని బ్రతికే ఒక అక్క ఒప్పుకోలేదు. "నరికింది నిజమే బాబాయిగారూ. కానీ నరకని చోట కూడా చెట్టు చచ్చిపోతంది గదా! పాయ మూతి పూడిపోయింది. పోటుకి వచ్చిన నీళ్ళు ఆటుకి తిరిగి పోవట్లేదు. అక్కడే నిలిచి, ఎండకి ఉప్పు పేరుకుంటంది" అన్నది.

ఆమె మాటనే శాస్త్రజ్ఞులు కూడా చెప్పియున్నారు. ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు తమిళనాడులోని పిచ్చావరములో ఈ సంగతి పరిశీలించారు. చెట్లు పోయిన చోట నేల క్రుంగి పళ్ళెమువలె అవుతుంది, అందులో నిలిచిన సముద్రపు నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పులో విత్తనము బ్రతకదు. కాబట్టి వారు మొదట ఒక పెద్ద కాలువ, దానికి ఇరుప్రక్కల చేపముల్లు ఆకారములో పిల్లకాలువలు త్రవ్వించి, పోటు నీరు వచ్చి పోయేటట్లు చేసి, ఆ గట్లమీద మొక్కలు నాటించారు. ఇండియా–కెనడా పర్యావరణ నిధి సహాయముతో మన కృష్ణా, గోదావరి మడలలో కూడా ఆ పని జరిగినది. నీటికి దారి లేనిచోట ఎన్ని వేల మొక్కలు నాటినా ఖర్చే మిగులుతుంది.

ఇక్కడే మాలో వాదన పుట్టినది. దరఖాస్తులో "ఎన్ని మొక్కలు?" అని గడి ఉన్నది గాని, ఎంత కాలువ అని గడి లేదు. "పదివేలని వేయండి, వాళ్ళెటూ సగం కోస్తారు" అని ఒకరు అన్నారు. రెండు రాత్రులు మాట్లాడుకొన్న మీదట, మేము కాపాడగలిగినన్ని తెల్ల మడ మొక్కలే వ్రాశాము. డబ్బులో ఎక్కువ భాగము కాలువ పూడికకు, మూడేండ్లు చనిపోయిన మొక్కల స్థానములో తిరిగి నాటుటకు చూపించాము. మొక్క నాటిన రోజున ఫోటో తీయించుకొనేవారు చాలామంది. మూడవ యేట దానిని చూడబోయేవారికి కూలి ఎవరిస్తారో బడ్జెట్టులో ఉండాలి.

కొన్ని సంగతులు ముందే తెలిసియుండుట మంచిది. కృష్ణా మడలలో చాలా భాగము 1989లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది గనుక అటవీశాఖవారి అనుమతి లేకుండ అక్కడ పార వేయరాదు. కేంద్ర ప్రభుత్వము 2023లో ప్రారంభించిన మిష్టి అను మడ అడవుల పథకము కూడా రాష్ట్ర ప్రభుత్వముల ద్వారానే నడచుచున్నది. విదేశీ ధనమునకు 2010 నాటి చట్టము, దానికి 2020లో చేసిన సవరణలు వర్తిస్తాయి. అట్టి ధనము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే జమ కావాలి. అనుమతి పొందిన సంస్థ దానిని మరొక సంస్థకు ఇవ్వరాదు. ఆఫీసు ఖర్చులు నూటికి 20 దాటరాదు. ప్రపంచ పర్యావరణ నిధివారి చిన్న గ్రాంటులు 1992లో మొదలైనవి. అట్టివారు, ఊరివారి వంతు ఎంత అని కూడా అడుగుతారు. ఆ వంతు డబ్బే కానక్కరలేదు, శ్రమదానము కూడా లెక్కకు వస్తుంది.

మేము అడిగినవారు ఆ యేడు గ్రాంటు ఇవ్వలేదు. మొక్కల సంఖ్య తక్కువగా ఉన్నదని రెండు వరుసల ఉత్తరము వచ్చినది. దుఃఖపడ్డాము. కాని మా పేరాల 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున పన్ను కట్టనని, ఇండ్లు విడిచి, నెలల తరబడి రామనగరు గుడిసెలలో ఉన్న ఊరు. కలిసి నిలుచుట మాకు క్రొత్త కాదు. దరఖాస్తులో మా వంతుగా వ్రాసిన శ్రమదానము ఎవరూ ఇవ్వనక్కరలేనిది. అటవీశాఖవారిని అడిగి, వారి మనిషి దగ్గరుండగా, పాయ మూతివద్ద కొంతమేర పూడిక తీశాము. స్త్రీలే ముందు నిలిచారు. పోటు నీరు లోపలికి వెళ్ళి, ఆటుకు వెనుకకు వచ్చుట అందరము గట్టుమీద నిలిచి చూశాము. మిగిలిన కాలువ చేతితో అయ్యే పని కాదు. దానికి డబ్బు కావాలి. అందుకే మరొకచోటికి, అదే సంఖ్యతో, తిరిగి వ్రాశాము. జవాబు ఇంకా రాలేదు.

మీ ఊరిలోను చెరువో, తాటితోపో, ఇసుక దిబ్బో కాపాడదలచితే, ఫారము నింపక మునుపు అక్కడ బ్రతికే వారిని, ముఖ్యముగా స్త్రీలను, పిలిచి కూర్చోబెట్టండి. వారు చెప్పినది వ్రాసుకొనండి. డబ్బు రాకపోతే ఇందులో మనము చేయగలిగినది ఏది అని కూడా ఆ రోజే మాట్లాడుకొనండి.