నూనె సంగతి లేని లెక్క

బాలానగర్‌లో ఓ హీట్ ట్రీట్‌మెంట్ షాపులో చేరిన కొత్తలో నాకు గ్రాస్‌మన్ లెక్కంటే పిచ్చి. ఉక్కుని ఎర్రగా కాల్చి ముంచితే ఎంత లోతు దాకా గట్టిపడుతుందో, కోసి చూడకుండానే, దానిలో ఏమేం కలిశాయో చూసి చెప్పొచ్చని ఆయన 1942లో చూపించాడు. ఈ గుణం పేరు హార్డెనబిలిటీ. గట్టిదనం వేరు, ఇది వేరు. ఎంత గట్టిపడగలదన్నది కార్బన్ చేతిలో ఉంటుంది. ఆ గట్టిదనం ఎంత లోపలికి దిగుతుందన్నది ఎక్కువగా మాంగనీసు, క్రోమియం, మాలిబ్డినం లాంటివి తేలుస్తాయి.

వీటిని కూడరు, హెచ్చవేస్తారు. నాకు నచ్చింది అదే. కార్బన్ 0.40 శాతం, గ్రెయిన్ సైజు 7 అయితే మొదటి అంకె 0.214 అంగుళాలు. 0.70 శాతం మాంగనీసు దాన్ని 3.33 రెట్లు చేస్తుంది. 0.25 సిలికాన్ 1.175 రెట్లు, 1.0 క్రోమియం 3.16 రెట్లు. అక్కడికి 67 మిల్లీమీటర్లు. చిటికెడు మాలిబ్డినం, 0.20 శాతం, ఇంకో 1.6 రెట్లు చేస్తుంది. మొత్తం 107. అంటే అంత మందం కడ్డీ నడిమధ్యలో కూడా సగం మార్టెన్‌సైట్ అవుతుంది.

మాకొచ్చిన షాఫ్టులు 90 మిల్లీమీటర్లవి. "నూనె కలిపే మోటారు నడుస్తలేదు సారూ, ఇంత లావువి ఆగుదామా?" అన్నాడు ట్యాంకు దగ్గర పనిచేసే పెద్దాయన. నేను కాగితం చూపించి, 107 ఉంది కదా, కానివ్వమన్నాను.

కస్టమర్ ఒకటి కోసి చూశాడు. లోపలంతా మెత్తగా ఉంది.

ఆ 107, ముంచిన క్షణంలోనే పైభాగం చల్లారిపోయే ఆదర్శ ద్రవానికి చెప్పిన అంకె. అలాంటి ద్రవం ఏ షాపులోనూ ఉండదు. కదలని నీటి తీవ్రత 1 అనుకుంటే, కదలని నూనెది 0.25 నుంచి 0.30. పరీక్ష కోసం చదివిందే ఇదంతా.

మీటింగులో "ముంచింది ఎవరు?" అన్నారు. అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన నా వైపు చూడలేదు. నేను టేబుల్ వైపు చూస్తూ కూర్చున్నాను. తప్పు నాదేనని మెయిల్ రాయడానికి ఒక రాత్రి పట్టింది.

మర్నాడు ఆయన దాని ఊసే ఎత్తలేదు. నన్ను ట్యాంకు పక్కన నిలబెట్టి, ఓ చిన్న ముక్కని ఎర్రగా కాల్చి ముంచాడు. "చూడున్రి, ఊపకపోతే ఆవిరి దాన్ని దుప్పటి లెక్క కప్పుతది. ఇగ సల్లదనం లోపలికెట్ల పోతది?"

ఇప్పటికీ లెక్క వేస్తాను. అంకె కింద గీత గీసే ముందు మాత్రం లేచి ట్యాంకు దాకా వెళ్లొస్తాను.