చింతపండుతో తోమిన టోపీ

మాది మార్టూరు. చిలకలూరిపేట నుంచి ఒంగోలు వెళ్లే హైవే మీద ఉంటుంది. గ్రానైట్ ఫ్యాక్టరీలు, పత్తి, మిరప తప్ప మా ఊళ్లో చెప్పుకోడానికి ఏముందిలే అనుకునేవాణ్ణి.

మా గొడ్లచావిట్లో ఓ ఇనప చిప్ప ఉండేది. వెడల్పాటి అంచుతో లోతు పళ్లెంలా ఉండేది. నాయనమ్మ దాంతోనే గేదెలకి పత్తిగింజలు కొలిచి పోసేది. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి సిపాయి హెల్మెట్ అని నాకు ఇంటర్‌లో తెలిసింది. తాతయ్య వాళ్ల నాన్న ఆ యుద్ధానికి వెళ్లొచ్చాడట. అప్పట్లో మన దేశం నుంచి దాదాపు 25 లక్షల మంది సైన్యంలో చేరారు. పశ్చిమ గోదావరిలో మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అనే పేరే ఉంది. మా ఊరికి అంత పేరు లేదు గానీ, మా ఇంటికి ఆ చిప్ప ఉంది.

బీటెక్ ఫస్టియర్‌లో సంక్రాంతికి ఇంటికెళ్లా. నాయనమ్మ చింతపండు, ఉప్పు పెట్టి ఇత్తడి బిందెలు తోముతోంది. నాకూ ఊపొచ్చింది. హెల్మెట్ తెచ్చి ముందు ఉప్పుకాగితంతో గీకి, తర్వాత అదే చింతపండుతో తోమా. తళతళా మెరిసింది. ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టా.

తాతయ్య వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి లోపలికి చూశాడు.

"లోపల తెల్ల పెయింటుతో నాన్న నంబరు ఉండాల గదరా?"

అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తెల్లారేసరికి హెల్మెట్ అంతా నారింజ రంగు పొడి! కాలేజీకొచ్చాక కెమిస్ట్రీ పుస్తకం తీస్తే, ఎగ్జామ్‌లో పదిమార్కులకి రాసొచ్చిన కరోజన్ చాప్టరే అది. పులుపు తుప్పుతో పాటు లోహాన్ని కూడా తింటుంది. ఉప్పులోని క్లోరైడ్ సందుల్లో మిగిలిపోయి, గాల్లో తేమ తగలగానే మళ్లీ తుప్పు మొదలుపెడుతుంది. పాత పెయింటే దానికున్న కవచం. దాన్ని నా చేత్తో నేనే గీకేశా.

ఇంకో వింత. దానికి అయస్కాంతం అంటుకోలేదు. చదివితే తెలిసింది, 1915లో జాన్ బ్రోడీ డిజైన్ చేసిన ఈ రకం టోపీలకి 12 శాతం దాకా మాంగనీస్ ఉండే హాడ్‌ఫీల్డ్ ఉక్కు వాడారు. దెబ్బ పడేకొద్దీ గట్టిపడే ఉక్కు అది. కానీ స్టెయిన్‌లెస్ కాదు. తూటా ముక్కకి లొంగనిది చింతపండుకి లొంగింది.

వేసవి సెలవుల్లో మళ్లీ మొదలుపెట్టా, ఈసారి నెమ్మదిగా. డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడిగి ఉప్పు వదిలించా. వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టా. పొడి తుప్పుని మెత్తటి బ్రష్‌తో మాత్రమే దులిపా. మిగిలిన పెయింట్ జోలికి పోలేదు. మ్యూజియాల్లో తుప్పు మీద టానిక్ ఆమ్లం పూస్తారు, అది ఇనుముతో కలిసి నల్లటి పొరలా నిలుస్తుంది. మన కలంకారీలో కరక్కాయ, ఇనుము కలిస్తే నలుపు వచ్చేదీ ఇందుకే. అందుకని కరక్కాయ కషాయం కాచి అంచు కింద ఒక్క చుక్క పెట్టి చూశా. నీలంగా, తర్వాత నల్లగా తిరిగింది. సరదాగా ఉంది గానీ అక్కడితో ఆపేశా. వెనక్కి తీసుకోలేని పని ఒకటి ఇప్పటికే చేసి ఉన్నా కదా.

ఆఖర్న మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పల్చగా రాసి గుడ్డతో రుద్దా. ఇప్పుడది మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో ఉంది. వట్టి చేత్తో ముట్టుకోం, చెమటలో కూడా ఉప్పే. ఆర్నెల్లకోసారి తీసి చూస్తాం. మీ ఇంట్లోనూ పాత కత్తో, తాళమో ఉంటే ముందు అన్ని వైపులా ఫొటోలు తీయండి, తర్వాతే చెయ్యి వెయ్యండి.

తుప్పు ఆగింది. నంబరు మాత్రం రాలేదు. అది ఉంటే ముత్తాత ఏ రెజిమెంట్‌లో చేశాడో వెతికేవాణ్ణి. తాతయ్యని అడిగితే కళ్లు మూసుకుని మొదటి మూడంకెలు చెప్పాడు. "తర్వాతది ఏడో, ఒకటో..." అని ఆగిపోయాడు.

ఆ మూడంకెలు, పక్కన కొన్ని ఖాళీలు ఒక అట్టముక్క మీద రాసి, దారంతో డబ్బాకి కట్టా. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా తాతయ్యని అడుగుతున్నా, ఇంకో అంకె ఏమన్నా గుర్తొచ్చిందా అని.