అడిగేవాళ్లు లేని ఊరు

పత్తికొండ పిల్లలకు డిగ్రీ దాకా చదువంటే బస్సు పాసు. గుంతకల్లు, ఆదోని, డోన్, ఎక్కడికి పోయినా సాయంత్రానికి ఇంట్లో వచ్చి పడొచ్చు. పీజీ అనేసరికే పెట్టె సర్దాల్సి వస్తుంది. మా తట్టు నుంచి చాలామంది పోయేది అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి. తిరుపతి యూనివర్సిటీకి పీజీ సెంటరుగా మొదలై 1981లో సొంత విశ్వవిద్యాలయమైంది అది. 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చినాక కొందరు అటు మళ్లారు గానీ, గుత్తి మీదుగా అనంతపురం చేరి అక్కడి నుంచి ఇటికలపల్లి దారి పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అదేమీ పరాయి దేశం కాదు. విశాఖపట్నం పోయినవాడు కూరలో తీపి కలిపారని ఇంటికి ఫోను చేసి వాపోవచ్చు, అయ్యో అనేవాళ్లుంటారు. అనంతపురంలో పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ దొరుకుతాయి. ఉగ్గాని దొరికే ఊళ్లో కూర్చుని ఇల్లు గుర్తొస్తోందంటే నవ్వుతారు. తిండి అదే, ఎండ అదే, యాస కూడా కాస్త అటూ ఇటూగా అదే. అందుకే మా పిల్లల దిగులుకు చెప్పుకోవడానికి ఒక కారణం కూడా దొరకదు.

సీనియర్ల భయం ఒకటి ఉండేది. ర్యాగింగును నిషేధిస్తూ 1997లో రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ తర్వాత మిగిలింది ఎక్కువగా ‘ఇంట్రో’. పేరు, ఊరు, గ్రూపు చెప్పాలి. పత్తికొండ అనగానే “వజ్రం తెచ్చినావా?” అని అడుగుతారు. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి వంగి వజ్రాలు వెతుకుతారన్నది సీమంతా తెలిసిన సంగతే కదా. తెలివైనవాడు “దొరికింటే ఈడికెందుకొస్తా అన్నా?” అంటాడు. అక్కడితో స్నేహం మొదలు. ఇక ఇంగ్లీషు మీడియం బెంగ గురించి అందరూ రాశారు. నా లెక్కలో అది రెండో సెమిస్టరుకల్లా సర్దుకునే బాధ.

సర్దుకోనిది వేరే ఉంది. అక్కడ ఎవరూ ఏమీ అడగరు.

మన ఇంటర్ పిల్లల సంగతి చూడండి. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో తెల్లారుజామున బెల్లు, స్నానానికి బెల్లు, స్టడీ అవరుకు బెల్లు, పడుకోవడానికి బెల్లు. రెండేళ్లు అట్లా బతికి ఇంజినీరింగుకు యూనివర్సిటీలో అడుగుపెట్టినవాడికి మధ్యాహ్నం రెండు తర్వాత క్లాసు లేదంటే ఏం చేయాలో తోచదు. ఇంటి నుంచి డిగ్రీ చదివి పీజీకి వచ్చినవాడిది ఇంకో తీరు. వాడికి బెల్లు లేదు గానీ అమ్మ ఉంది. యాడికి పోతాండావు, ఎప్పుడొస్తావు, ఎవరా పిల్లోడు? విసుక్కుంటూనే జవాబు చెప్పేవాడు. ఇప్పుడు రాత్రి పన్నెండుకు గదికొచ్చినా, రాకపోయినా, అన్నం తిన్నా, మానేసినా అడిగేవాళ్లు లేరు. హాజరు డెబ్బై ఐదు శాతానికి తగ్గితే ఆఫీసువాళ్లు అడుగుతారు, అదీ సెమిస్టరు చివర్లో. మొదటి వారం ఇది స్వర్గం. మూడో వారానికి మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తుంటారు. చెడిపోతారని పెద్దలు భయపడతారు గానీ, నేను చూసినంతలో చెడిపోయేవాళ్లు తక్కువ. ఊరికే కూర్చుండిపోయేవాళ్లే ఎక్కువ.

ఇంటి నుంచి ఫోనొస్తుంది. “బువ్వ తిన్న్యావా నాయనా?” “తిన్న్యా మా.” “ఏం కూర చేసినారు?” “వంకాయ.” ఆ రోజు మెస్సులో వంకాయ చేశారో లేదో వీడికి తెలియదు, వీడు మెస్సుకే పోలేదు. అన్నీ బాగున్నాయి అన్న మాటతో ఫోను పెట్టేస్తారు.

ఈ దాపరికానికి మా ఊరి చరిత్రలోనే ఒక సాక్షి ఉన్నాడు. మద్రాసు గవర్నరుగా దత్తమండలాల పర్యటనకొచ్చి, కలరా సోకి 1827 జులై 6న పత్తికొండలో చనిపోయిన థామస్ మన్రో. మావాళ్లకు ఆయన పెద్ద దొర. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు కూడా పెట్టుకున్నారు. అయితే 1780లో మద్రాసులో దిగినప్పుడు అతనూ పద్దెనిమిదేళ్ల కుర్రవాడే. చాలీచాలని జీతం. తలకింద పెట్టుకునేది ఒకనాడు పుస్తకం, ఒకనాడు తూటాల సంచి. ఒక బట్ట బాగుచేసుకునేలోగా ఇంకోటి చిరిగేది. ఈ సంగతులు విప్పి సోదరికి రాసింది 1789లో. తొలినాళ్ల కష్టం నోటికి రావడానికి దొరగారికే తొమ్మిదేళ్లు పట్టింది. మా పిల్లలూ అంతే. ఉద్యోగమొచ్చి, పెళ్లయ్యి, ఏ పండక్కో కూర్చున్నప్పుడు నవ్వుతూ చెప్తారు. అమ్మ మాత్రం నవ్వదు.

ఊరికే కూర్చున్నవాణ్ణి లేపేది పుస్తకం కాదు, మెస్సేనని నా అనుమానం. డివైడింగ్ పద్ధతి ఉన్న హాస్టళ్లలో నెల ఖర్చు మొత్తాన్ని తిన్నవాళ్ల హాజరుతో భాగించి తలా ఇంత అని నోటీసు బోర్డులో అంటిస్తారు. బిల్లు పెరిగితే తమలోంచే ఎంచుకున్న మెస్సు రెప్రజెంటేటివ్‌ను నిలదీస్తారు. నూనె ఎన్ని డబ్బాలయ్యింది, పప్పు ఎవరి దగ్గర కొన్నావు, గెస్టుల లెక్కేది? ఆ బాధ్యత మీద పడ్డప్పుడు మా తట్టు పిల్లవాడొకడు మొదటిసారి వంటమాస్టరుతో కలిసి అనంతపురం మార్కెట్టుకు పోయాడు. ఇంట్లో ఉప్పు పొట్లం కొన్న పాపాన పోనివాడు. గంప టమోటా ధర విని, ఎక్కడి సరుకని అడిగితే వ్యాపారి “పత్తికొండది” అన్నాడట.

వాడి నాయన టమోటా రైతు. కాయ కిలో రూపాయికి కూడా అడగకపోతే రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి ఆ ఇంట్లో. ఆ ఏడు వాడి హాస్టలు డిపాజిట్టు కూడా అట్లాంటి ఒక కాపు మీద అప్పు తెచ్చి కట్టిందే. మార్కెట్టు నుంచే నాయనకు ఫోను చేశాడు. ఈ రోజు మార్కెట్లో ఎంత పోయింది నాయనా, కమీషనెంత, బండి బాడుగెంత అని వరసగా అడిగాడు. ఇన్నేళ్లలో వాడు అడిగిందీ, నాయన జవాబు చెప్పిందీ అదే మొదలు. అక్కడి ధరకూ ఇక్కడి ధరకూ మధ్య డబ్బు యాడ పోతాందో ఇద్దరూ చాలాసేపు లెక్కలేసుకున్నారు. బువ్వ తిన్న్యావా అని అడగడం నాయన ఆ రోజు మరిచేపోయాడు.